మా ఇంట్లో వంతు చదువు

మొన్న నరసరావుపేటలో కళ్ల డాక్టరమ్మ దగ్గర దొరికిపోయాను. దొంగతనం చేసి కాదు, అలవాటు వల్ల. నాకంటే ముందు లోపలికి పిలిచిన పెద్దాయనకు చెవుడు కూడా ఉన్నట్టుంది, గోడ మీది అట్టలోని అక్షరాలు వీధి చివరిదాకా వినపడేట్టు చదివాడు. బయట బల్ల మీద కూర్చున్న నేను వింటూనే ఉన్నాను. నా వంతు వచ్చేసరికి పై వరస నుంచి కింది వరస దాకా నోటికి వచ్చేసింది. కుర్చీలో కూర్చోబెట్టి, కుడికన్ను మూసుకుని చదవమంటే గడగడా అప్పగించేశాను. ఆ డాక్టరమ్మ నా మనవరాలి ఈడుది. నవ్వు ఆపుకుంటూ, "అమ్మమ్మా, నేను ఒక కన్నే మూసుకోమన్నా. రెండూ మూసుకొని ఎట్టా చదివారు?" అంది. పక్కనున్న మా అమ్మాయి తల పట్టుకుంది. డాక్టరమ్మ అట్ట మార్చింది. కొత్త అట్ట మీద నాకు కనిపించింది ఏమీ లేదు, తెలుపులో నలుపు కలిసిన మసక తప్ప. "కనపట్టంలేదు తల్లీ" అన్నాను. ఆ మాట అనేశాక ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. కొంతకాలంగా చర్చిలో వాక్యం చదవమంటే కంఠతా వచ్చిన అధ్యాయాలే ఎంచుకుని నెట్టుకొస్తున్నాను మరి. శుక్లాలు తీశారు. ఇప్పుడు గోడ మీద చీమ నడిచినా కనపడుతోంది. మందులు వేయించుకుని మంచం మీద పడుకున్నన్నాళ్లూ మా నాయనమ్మే గుర్తుకొచ్చింది. కళ్లు మూసుకుని చదివే విద్య నాకు ఆమె దగ్గర అబ్బిందే.

మా ఊరు గురజాలకు నడిచిపోయేంత దూరం. మా నాయన నాపరాళ్ల క్వారీలో పని చేసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లబడి ఉండేవి, రాతిపొడితో. నీళ్లు పోసుకుని వస్తే గానీ మా నాయనో కాదో తెలిసేది కాదు. అమ్మ కూలికి పోయేది, పత్తి కాలంలో పత్తికి, మిరప కాలంలో మిరపకి. మిరపకాయలు కోసే రోజుల్లో ఆమె దగ్గరికి పోతే తుమ్ములు వచ్చేవి. చీర కొంగులో ఘాటు, జుట్టులో ఘాటు. నన్ను ఎత్తుకోవాలంటే ముందు మజ్జిగతో చేతులు కడుక్కునేది, అయినా ఆ చేతులు ఎక్కడ తగిలితే అక్కడ చురుక్కుమనేది. జొన్నన్నం ఉడికేటప్పటి వాసన, గోంగూర నూరేటప్పటి వాసన, లాంతరు వత్తి కత్తిరించినప్పటి కిరసనాయిలు వాసన, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. లాంతరు వెలిగిందంటే ప్రార్థన వేళ అయినట్టు. కాళ్లు కడుక్కోకుండా ఎవరైనా చాప మీదికి వస్తే నాయనమ్మ ఊరుకునేది కాదు. "దేవుడి కాడికి బురదకాళ్లతో పోతావటే?" అనేది. ఆమె పేరు సంతోషమ్మ. పేరుకి తగ్గట్టు ఎప్పుడూ నవ్వుతూ ఉండేదని అనుకునేరు, అస్సలు కాదు. నవ్వితే పిల్లలు నెత్తికెక్కుతారని ఆమె సిద్ధాంతం.

మా ఇంట్లో ఉన్నది ఒకటే పుస్తకం, పరిశుద్ధ గ్రంథం. అమ్మ పెళ్లికి గుడివాళ్లు ఇచ్చింది. రాత్రి అన్నాలకు ముందు చాప మీద గుండ్రంగా కూర్చుని దాన్ని చేతులు మార్చుకునేవాళ్లం. దీన్ని మేము వంతు చదువు అనేవాళ్లం. పుస్తకం ఎవరి ఒళ్లోకి వస్తే వాళ్లు ఒక పేజీ తీసి, వేలు పెట్టి, ఒక వాక్యం చెప్పి పక్కవాళ్లకు ఇవ్వాలి. ముందు నాయనమ్మ, తర్వాత నాయన, అమ్మ, చివరికి నేను. వంతు తప్పించడానికి వీల్లేదు. జ్వరం వచ్చి ముసుగేసుకున్నవాళ్ల పక్కన కూడా పుస్తకం పెట్టి, నోరు తెరిచేదాకా కూర్చునేది నాయనమ్మ. "వంతు దాటితే దీవెన దాటిపోద్ది" అనేది. ఇందులో తమాషా ఏమిటంటే మా ఇంట్లో ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. గుడిలో విన్నవి, నాయనమ్మకు వాళ్లమ్మ చెప్పినవి, అవే అందరికీ నోటికి ఉండేవి. నూనె మరక పడ్డ పేజీ తీస్తే నాయనమ్మ దేవుడే మన కాపరి అనే వాక్యం చెప్పేది. నిజానికి ఆ మరక కింద ఉన్నది పొలాల సరిహద్దుల గురించిన అధ్యాయమని నాకు చానా ఏళ్లకు గానీ తెలియలేదు.

పెద్దవాళ్లకు తెలుసు, తాము చదవటం లేదని. నాకు తెలియదు. చదవటమంటే పుస్తకం పట్టుకుని, వేలు పెట్టి, వచ్చింది చెప్పటమే అనుకున్నాను. ఎవరూ నాకు అబద్ధం చెప్పలేదు, ఎవరికీ నిజం చెప్పాలని తోచలేదు, అంతే. బడిలోనైనా తెలియాలి కదా అంటారు. మా బడి, మా గుడి ఒకటే పాక. ఆదివారం వాక్యం చెప్పే ఉపదేశి ఆనందం పంతులుగారే మిగతా రోజుల్లో పాఠం చెప్పేవారు. ఆయనకు అప్పటికే చూపు తగ్గింది. ఆయన ఒక ముక్క చెబితే మేమంతా గొంతెత్తి అదే ముక్క అనాలి. రెండుసార్లు వింటే నాకు పాఠం వచ్చేసేది. అందుకని నన్నే ముందు నిలబెట్టి అందరిచేతా చెప్పించమనేవారు. పలక మీద అక్షరాలు కూడా అ నుంచి మొదలుపెడితే చివరిదాకా చక్కగా దిద్దేదాన్ని, చుక్కలు కలిపి ముగ్గు వేసినట్టు. మధ్యలోంచి ఒక అక్షరం చూపించి ఇదేమిటని ఎవరూ అడగలేదు.

ఒక్కటే నాకు అంతుపట్టేది కాదు. పంతులుగారు కొట్టునుంచి బెల్లం పొట్లం తెచ్చుకుంటే, బెల్లం డబ్బాలో వేసి, ఆ కాగితం ముక్కును తగిలేంత దగ్గరగా పెట్టుకుని చదువుకునేవారు. ఎక్కడో పట్నంలో ఏదో జరిగిందని ఆ కాగితం చూసి చెప్పేవారు. ఆ కాగితం ఎవరు చెప్పి ఉంటారు ఆయనకి? ఆలోచించి ఆలోచించి, ఆయనకీ ఒక నాయనమ్మ ఉండి ఉంటుందని, ఆమె మా నాయనమ్మ కంటే చానా గొప్పదని, లోకంలో ఉన్న పొట్లం కాగితాలన్నీ ఆమెకు నోటికి వచ్చని తేల్చుకున్నాను. అక్కడినుంచి నాకు దిగులు పట్టుకుంది. మా నాయనమ్మకు వచ్చినవి అయిపోతే నా చదువు అక్కడితో సరి. కాగితాలేమో లెక్కలేనన్ని ఉన్నాయి. ఎవరు చెబుతారు, ఎప్పటికి నేర్చుకుంటాను? ఈ దిగులు ఎవరికీ చెప్పుకోలేదు. పిల్లల దిగుళ్లు పెద్దవాళ్లకు నవ్వులాటగా ఉంటాయని ఆ వయసుకే కనిపెట్టాను.

ఆ ఏడు నాకు ఒక అవకాశం వచ్చింది. మాచర్లలో ఆడపిల్లల బోర్డింగు బడి ఉండేది. దాని పెద్ద టీచరమ్మ సలోమిగారు తొలకరికి ముందు ఊళ్లు తిరిగి, చదువు వచ్చిన పిల్లలను చూసి మూడో తరగతికి తీసుకుపోయేవారు. తిండి, బట్ట, చదువు అన్నీ వాళ్లవే. ఊరికి ఒకరికి మించి చోటు ఉండదు. మా ఊరి తరఫున నా పేరే చెప్పారు పంతులుగారు. అది పోతే వచ్చే కాపుకి నేను అమ్మతోపాటు మిరపతోటకి పోవటమే, అందులో దాపరికం ఏమీ లేదు. నా ఈడు పిల్లలు అప్పటికే పోతున్నారు. అమ్మ అంతగా మాట్లాడే మనిషి కాదు. ఆ వారమంతా నాకు తల దువ్వుతున్నప్పుడు మాత్రం ఒకటే అనేది. "నా చేతులు మండినట్టు నీ చేతులు మండకూడదే. గట్టిగా చదువు, సిగ్గుపడమాక." నాయనమ్మ ఆ వారం నాచేత రోజూ రెండు వంతులు చెప్పించింది.

ఆదివారం ఆరాధన అయిపోయాక అందరూ అక్కడే కూర్చున్నారు. సలోమి టీచరమ్మగారు పొట్టిగా, బొద్దుగా, తెల్లచీరలో ఉన్నారు. పెద్ద కుర్చీ వేస్తే వద్దని, పిల్లలం కూర్చునే బల్ల మీద కూర్చున్నారు. నా పేరు అడిగారు. "సువార్తండి" అన్నాను. "నీకిష్టమైన చోటు తీసుకొని చదువు సువార్తా" అన్నారు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు పెట్టి, మొదలుపెట్టాను. ఎంత బాగా చెప్పానో ఇప్పటికీ గర్వమే. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించాను. నాయనమ్మ పెదవులు నాతోపాటే కదులుతున్నాయి. పంతులుగారు కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. అప్పుడు పడమటి గాలి ఒకటి పాకలోకి కొట్టింది. పేజీలు రెపరెపలాడి బొత్తిగా వేరే చోటికి పోయాయి. నేను వేలు తీసి, ఆ కొత్త పేజీ మీద పెట్టి, ఆపకుండా చెప్పుకుంటూ పోయాను. గాలి వస్తే ఏమైంది, వాక్యం నా దగ్గరే ఉంది కదా. చివరిదాకా చెప్పి తలెత్తాను. టీచరమ్మగారు నన్ను చూడటం లేదు, నా వేలిని చూస్తున్నారు.

ఆమె పుస్తకం తీసుకుని ఇంకో చోటు తెరిచి, "ఇది చదువమ్మా" అని మెత్తగా అన్నారు. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు అంటూ పేజీ నిండా పేర్లే ఉండే చోటు అది. అది తర్వాత తెలిసింది నాకు. నేను వేలు పెట్టి ఎదురుచూశాను. మా ఇంట్లో వేలు పెడితే దానంతట అదే నోట్లోకి వచ్చేది. ఎంతసేపటికీ రాలేదు. గుడంతా నా వంకే చూస్తోంది. "ఇది మా నాయనమ్మ ఇంకా చెప్పలేదండి" అన్నాను.

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. పంతులుగారు కళ్లు తెరిచారు. అమ్మ ద్వారం దగ్గర నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు అర్థమైంది. టీచరమ్మగారు నవ్వలేదు. "మీ నాయనమ్మ చెబితేనే వచ్చిద్దా?" అని అడిగారు.

"ఆ. ఎవరో ఒకళ్లు చెప్పాలి గదండి."

"మరి పంతులుగారు ఏ కాగితమిచ్చినా చదువుతారు గదా. అదెవరు చెప్పారు?"

"వాళ్ల నాయనమ్మండి."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది పంతులుగారే, నవ్వుతూనే పైపంచెతో కళ్లు తుడుచుకున్నారు. టీచరమ్మగారు ఒక అక్షరం చూపించి ఇదేమిటని అడిగారు. నేను లోపల అ నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటీ మనసులో దిద్దుకుంటూ దానిదాకా వచ్చి, "మ" అన్నాను. ఆమె ముఖం వికసించింది. ఇంకోటి చూపించారు. మళ్లీ మొదటినుంచి బయలుదేరాను. ఆలస్యమవుతుంటే ఆమె తొందరపెట్టలేదు.

నాయనమ్మ లేచింది. గుడిలో ఆడవాళ్లు లేచి మాట్లాడటం అప్పట్లో తక్కువ. "పిల్ల తప్పేం లేదు టీచరమ్మా. మా ఇంటో ఎవరికీ అచ్చరం రాదు. రాకపోయినా మా వంతు మేం ఒదులుకోం. పుస్తకం ఒళ్లో పెట్టుకొని నోటికొచ్చింది చెప్పుకుంటాం. అదే చదువనుకుంది బిడ్డ. చెప్పాల్సింది నేను, చెప్పలా" అంది. అమ్మ ద్వారం దగ్గరనుంచే అడిగేసింది, "అయితే తీసకపోరా?"

"మూడో తరగతికి తీసకపోలేనమ్మా" అన్నారు టీచరమ్మగారు. అమ్మ తల వంచుకుంది. టీచరమ్మగారు నా వైపు తిరిగి, "ఒకటో తరగతిలో కూర్చుంటావా? పక్కనంతా చిన్న పిల్లకాయలుంటారు. నువ్వు వాళ్లలో తాటిచెట్టులాగా ఉంటావు. నవ్వుతారు. ఓర్చుకుంటావా?" అని అడిగారు. ఆమె నన్నే అడిగారు, అమ్మను కాదు, పంతులుగార్ని కాదు. నేను నా దిగులు బయటపెట్టాను. "అన్నీ నేర్చుకోవాలంటే ఎన్నుంటయ్యండి?"

"ఏంది, అక్షరాలా? యాభయ్యారు."

"అన్నేనా?"

"అన్నే. గుణింతాలూ, ఒత్తులూ ఉన్నయ్యిలే. ఇప్పుడే బెదరగొట్టటం ఎందుకు."

లోకంలో ఉన్న పొట్లం కాగితాలన్నీ యాభై ఆరింటిలోంచే వచ్చాయని, ఒకసారి అవి పట్టుకుంటే ఎవరి నాయనమ్మా అక్కర్లేదని అప్పుడు తెలిసింది. అబ్బ, ఎంత హాయి అనిపించిందో. నాకు రాదని తేలిపోయినందుకు ఏడవాల్సింది పోయి నవ్వు ముంచుకొచ్చింది. "కూర్చుంటానండి" అన్నాను. అమ్మ అక్కడే ద్వారబంధానికి ఆనుకుని కూలబడి, ముఖం కొంగులో పెట్టుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందని నాయన నాకు చెప్పాల్సి వచ్చింది. పంతులుగారు నన్ను దగ్గరికి పిలిచి, "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?" అన్నారు. "మీకు తెలుసనుకున్నానండి" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. అందులో సగం ఆయన తనకోసం చేసుకున్నదే.

తర్వాత నేనూ టీచరునయ్యాను. బొల్లాపల్లి వైపు మెట్టఊళ్లలో, తర్వాత గురజాలలో, పలకలు పోయి నోటుబుక్కులు, అవి పోయి ఫోన్లు వచ్చేదాకా చదువు చెప్పాను. ఇప్పటి పిల్లలు నాకంటే అదృష్టవంతులు, అందులో సందేహం లేదు. మా వీధిలో కూలికి పోయే తల్లి కూడా కూతుర్ని యూనిఫాం తొడిగి బస్సెక్కిస్తోంది. అది చూసినప్పుడల్లా ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంటాను. ఒక్కటి మాత్రం మారలేదు. "అర్థమైందా?" అంటే తరగతి తరగతంతా "ఎస్ మేడమ్" అంటుంది. రాదని చెప్పటానికి పిల్లలకు ఇప్పటికీ భయమే, మార్కుల భయం, ఇంట్లో నాన్న భయం. మా రోజుల్లో తెలియక దాచాం, వీళ్లు తెలిసి దాస్తున్నారు. బడిలో ఉన్నన్నాళ్లూ నేను చేయగలిగిందల్లా పిల్ల వేలు ఎక్కడుందో చూడటం. దొరికిపోయిన పిల్లని అందరి ముందూ దులిపేయటం నాకూ చేతనవును, నాకు నోరు తక్కువేం కాదు. కానీ ఆ రోజు పాకలో సలోమి టీచరమ్మగారు నా చేతకానితనాన్ని చూసి ముఖం తిప్పుకోలేదు, దగ్గరికి జరిగారు. కృప, కృప అని చిన్నప్పటినుంచీ పాటల్లో పాడుతున్నాను గానీ, అదెట్లా ఉంటుందో నేను చూసింది ఆ బల్ల దగ్గరే. మన లోటు పూర్తిగా తెలిసినవాళ్లే మనల్ని రమ్మన్నారంటే ఇక దాచుకునే పని ఉండదు. నా విశ్వాసమంతా దాదాపు అంతే. పండితులు ఇంకా పెద్ద మాటలతో చెబుతారు.

ఒకటో తరగతిలో నిజంగానే నవ్వారు. నాలుగు రోజులు నవ్వి మానేశారు. పిల్లకాయలకు నేను కథలు చెబితే వాళ్లు నాకు ఒత్తులు చెప్పారు. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చేసరికి కూడబలుక్కుని చదవటం వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముందునుంచి మాటిమాటికీ లేచి వచ్చి నన్ను చూసి పోయింది. నాయనమ్మకు ఎంతో ఇష్టమైన దీవెన వాక్యం ఒకటి ఉండేది. దేవుడు ఫలానా ఇంటి కొడుకులనూ కూతుళ్లనూ దీవిస్తాడని, పొలంలోనూ వాకిట్లోనూ కాపాడతాడని చెప్పేది ఆమె. అది ఏ పేజీలో ఉందో బోర్డింగులో టీచరమ్మగారిని అడిగి తెలుసుకుని వచ్చాను. నా వంతు వచ్చాక ఆ పేజీ తీసి, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. మధ్యలో నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడపిల్లల్ని ఒదిలేశావే."

మళ్లీ చూశాను. వేలు పెట్టి మళ్లీ మళ్లీ చూశాను. కొడుకులే ఉన్నారు. "ఇందులో లేరు నాయనమ్మా" అన్నాను. చదువు నేర్చుకుని వచ్చి ఇంట్లో ఉన్నదాన్ని పోగొట్టానేమోనని నాకు ఏడుపొచ్చింది. నాయన అమ్మ వంక చూశాడు. నాయనమ్మ పుస్తకంలోకి వంగి, తనకు తెలియని ఆ అక్షరాల వంక కాసేపు పరీక్షగా చూసింది.

"దేవుడు చెప్పే ఉంటాడు. రాసేవాడు మర్చిపోయుంటాడు" అంది. "నువ్వు కలిపి చదువు."

కలిపి చదివాను.